మూడు లిపుల షాపులో లినక్స్ మార్పిడి: ఒక కేస్ స్టడీ

కంప్యూటర్ సర్వీసింగ్‌లో నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ "స్లో అయిపోయింది"తోనే మొదలవుతాయి. ఈ కేసు కూడా అలాగే మొదలైంది, కానీ చివరికి తేలింది వేరు. డిస్ట్రో అంటే, విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) లినక్స్‌లో ఉబుంటు, డెబియన్ లాంటి ఒక్కో రకం. ఒక డిస్ట్రో తీసి ఇంకో డిస్ట్రో వేసేటప్పుడు మనం డెస్క్‌టాప్ ఎలా ఉంది, ర్యామ్ ఎంత తింటోంది అని చూస్తాం. మన సరిహద్దు ఊళ్ళలో మాత్రం మార్పిడి నిలబడాలా పడిపోవాలా అన్నది కీబోర్డు దగ్గర, ఫాంటు దగ్గర, ప్రింటరు దగ్గర తేలిపోతుంది. ఆ మూడింటినీ ముందు చూసుకుంటే ఏ ఓఎస్ వెయ్యాలన్నది దాదాపు దానంతటదే తేలుతుందని ఈ కేసులో బాగా కనిపించింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

గజపతి జిల్లాలో ఒక చిన్న టౌను, పర్లాకిమిడి నుంచి గుణుపురం పోయే రైలు లైను దగ్గర్లోది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయట్లేదు, గుర్తుపట్టే వివరాలు కూడా కొన్ని మార్చేను. షాపులో జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు చేస్తారు. నడిపేది ఒక పెద్దాయన, ఒకప్పుడు టైప్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి లోయర్, హయ్యర్ పరీక్షలకి పిల్లల్ని తయారుచేసినవారు, ఊళ్ళో అందరికీ మాస్టారే కాబట్టి ఇక్కడా మాస్టారు అనే అంటాను. ఆయన దగ్గర పనిచేసే అమ్మాయి ఇంట్లో మాట్లాడేది ఒడియా, తెలుగు చదవగలదు, గలగలా మాట్లాడగలదు, రాయడం మాత్రం షాపుకొచ్చేకే నేర్చుకుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఈ ప్రాంతం అటు వెళ్ళింది, అప్పట్నుంచీ చాలా ఇళ్ళల్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. షాపు పని కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. పొద్దున్న బ్లాక్ ఆఫీసుకి ఒడియాలో దరఖాస్తు, కాసేపటికి పాతపట్నం వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఆంధ్రా తహశీల్దారు ఆఫీసుకి తెలుగులో అర్జీ, మధ్యలో ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో పట్టా తీసి ప్రింటు, పిల్లల సర్టిఫికెట్లకి ఆన్‌లైన్ ఫారాలు, పెళ్ళిళ్ళ సీజన్లో ఒక వైపు తెలుగు, ఇంకో వైపు ఒడియా ఉన్న కార్డులు. ఒక్క గంటలో మూడు లిపులు వేళ్ళ కింద తిరుగుతాయి.

మెషీన్లు నాలుగు. మూడింట్లో నాలుగో తరం ఐ3 ప్రాసెసర్లు, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్కు. కరోనా టైములో మాస్టారి మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతూ ఇంటి దగ్గరున్నప్పుడు ఆ మూడింట్లోనూ ఉబుంటు 20.04 వేసేడు, తర్వాత ఒకదాంట్లో సరదా పడి ఒక రోలింగ్ డిస్ట్రో (వెర్షన్లంటూ లేకుండా ఎప్పటికప్పుడు అప్‌డేట్లు వస్తూనే ఉండే రకం) పెట్టేడు. నాలుగోది విండోస్ 7, అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకరు ప్రోగ్రాము, అనూ తెలుగు ఫాంట్లు, అక్రుతి ఒడియా ఫాంట్లు, ఏళ్ళ తరబడి కూడిన పెళ్ళి కార్డులు, లెటర్ హెడ్లు. అది మాస్టారి సొంత కుర్చీ.

పిలిచిన సమస్య

2025లో వానలు మొదలయ్యే ముందు ఫోను చేసేరు. "బాబూ, ఈ లినక్సు తీసేసి మళ్ళీ విండోసే వేసీ, నా వల్ల కావట్లేదు" అన్నారు. ఏటి కావట్లేదు మాస్టారూ అని ఒక్కొక్కటీ అడిగితే మూడు ఫిర్యాదులు తేలేయి. బ్రౌజరు తెరవడానికి చాలాసేపు పడుతోంది, కస్టమరు నిలబడి చూస్తున్నాడు. ఒకే కాగితం ఒక్కో మెషీన్లో ఒక్కోలా వస్తోంది. రోలింగ్ డిస్ట్రో ఉన్న మెషీను అప్‌డేట్ కొట్టేక నల్ల స్క్రీను దగ్గర ఆగిపోయింది, మేనల్లుడేమో బెంగుళూరులో ఉద్యోగంలో ఉన్నాడు.

విండోస్‌కి వెనక్కి వెళ్ళడం అన్నది నేను తోసిపుచ్చలేదు, ముందు అదే లెక్కేసేను. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోతుందని అప్పటికే ప్రకటించేశారు. విండోస్ 11 అధికారికంగా కావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే లిస్టులో ఉంటాయి, మాస్టారి మెషీన్లు నాలుగో తరం. అంటే వెనక్కి వెళ్ళడమంటే మూడు కొత్త కంప్యూటర్లు కొనడమే. కాపీకి రూపాయో రెండు రూపాయలో వచ్చే షాపుకి అది ఎంత బరువో ఆయనకే తెలుసు, నేను లెక్క చెప్పగానే ఆయనే "వద్దులే" అన్నారు.

ఉబుంటు 20.04కి మామూలు సపోర్టు 2025 మేతో అయిపోయింది. కాబట్టి ఏదో ఒకటి చెయ్యక తప్పదు. అయితే ఉబుంటు ప్రో అని ఉంది, 5 మెషీన్ల దాకా ఉచితం, ఖాతా తెరిచి కలిపితే సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకొన్నేళ్ళు వస్తాయి. ముందు రెండు ఉబుంటు మెషీన్లకీ అది కలిపేసేను. అదే పరిష్కారం అని కాదు, పాత పునాది మీదే ఉండిపోతాం కదా. కానీ తొందర పోయింది. సపోర్టు లేని మెషీను మీద ఆన్‌లైన్ అప్లికేషన్లు నడుస్తున్నాయన్న భయంతో రాత్రికి రాత్రి ఓఎస్ మార్చడం కంటే, తాత్కాలికంగా ఇలా కాపు కాసుకుని నిదానంగా పరీక్షలు చెయ్యడం మేలు.

కౌంటరు దగ్గర కూర్చుని చూసింది

ఏ మెషీన్నీ ముట్టుకోకుండా ఒక రోజంతా కౌంటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏ పని వచ్చింది, ఏ ప్రోగ్రాము తెరిచేరు, ఏ లిపిలో కొట్టేరు, ఏ ప్రింటరుకి పంపేరు, ఇంతే రాసుకున్నాను. ఇది అందరూ వదిలేసే మెట్టు, నా దృష్టిలో దీని తర్వాతే మిగతావన్నీ.

ఆ రోజు కళ్ళారా చూసినది ఒకటి చెప్పాలి. ఒకాయన వచ్చి భూమి విషయంలో తెలుగులో అర్జీ కొట్టించుకున్నారు, మధ్యలో ఒడియా పట్టాలో ఉన్న పేర్లు, ప్లాటు వివరాలు ఒడియా లిపిలోనే ఉండాలన్నారు. అమ్మాయి కొట్టింది, సరిగ్గా ఒక పేజీ. ఆ మెషీనుకి ప్రింటరు లేదు, పెన్ డ్రైవులో పెట్టి పక్క మెషీన్లో తెరిచింది, "ఇట్లు, తమ విధేయుడు" అన్న లైనూ సంతకం జాగా కిందికి జారి రెండో పేజీలో పడ్డాయి. సంతకం ఒక్కటే విడి కాగితం మీదుంటే ఆఫీసులో ఒప్పుకోరు, ఆయన రెండు పేజీల డబ్బులు నేనెందుకివ్వాలన్నారు. అమ్మాయి అక్షరాల సైజు తగ్గించింది, అప్పుడు ఒత్తులు చదవలేనంత చిన్నవైపోయేయి. మాస్టారు తల పట్టుకుని "చూసేవా బాబూ, ఇదీ నీ లినక్సు" అన్నారు.

ఇక్కడ జరిగింది ఇదీ. లినక్స్‌లో వర్డ్ బదులు వాడే లిబ్రెఆఫీస్‌లో ఇంగ్లీషుకి ఒక ఫాంటు, మన భాషల్లాంటి సంక్లిష్ట లిపులకి వేరే ఫాంటు విడివిడిగా ఉంటాయి. లినక్స్‌లో ఆ రెండో దాని డిఫాల్టు చాలాసార్లు లోహిత్ దేవనాగరి. దాంట్లో తెలుగు అక్షరాలు లేవు, ఒడియావీ లేవు. అప్పుడు సిస్టమ్ తనకి దొరికిన వేరే ఫాంటు తెచ్చి ఆ అక్షరాలు చూపిస్తుంది. ఒక మెషీన్లో లోహిత్ తెలుగు దొరికింది, పక్క మెషీన్లో నోటో అనే ఇంకో ఫాంటు దొరికింది. మనకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఏ ఫాంటు చేసినవాళ్ళు లైనుకి ఎంత ఎత్తు ఇచ్చేరన్నదాంట్లో చాలా తేడా ఉంటుంది. లైనుకి కాస్త కాస్త పెరిగినా పేజీ చివరికి వచ్చేసరికి రెండు లైన్లు జారతాయి. అంటే ఇది లినక్స్ జబ్బు కాదు, రెండు మెషీన్లలోనూ ఫాంటు ఇదీ అని ఎవరూ చెప్పకపోవడం. ఓఎస్ ఎన్నిసార్లు మార్చినా ఇది పోదు, పైగా కొత్త ఓఎస్ ఇంకో కొత్త ఫాంటు తెస్తుంది.

స్లో సంగతి విడిగా తేల్చడం

ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు కంటే వేగంగా పనిచేసే డిస్కు), ఓఎస్ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు. అందుకని ఒక మెషీన్లో ఉన్న ఉబుంటునే కొత్త 256 జీబీ ఎస్‌ఎస్‌డీ మీదకి క్లోన్ చేసి పెట్టేను, ఇంకేమీ ముట్టుకోలేదు. స్లో అన్న ఫిర్యాదులో ముప్పాతిక వంతు అక్కడే పోయింది. మిగిలిన పావు వంతు క్రోమియం బ్రౌజరు మొదటిసారి తెరిచేటప్పుడు. ఉబుంటు 20.04లో క్రోమియం స్నాప్‌గానే వస్తుంది, స్నాప్ అంటే ప్రోగ్రామంతా కుదించిన ఒకే ఫైలుగా ఉంటుంది, తెరిచేటప్పుడు దాన్ని విప్పుకుంటూ చదవాలి, పాత ప్రాసెసరూ 4 జీబీ ర్యామూ ఉన్న మెషీన్లో మొదటి తెరుపు బరువుగానే ఉంటుంది. కొత్త మెషీన్లలో అది పట్టించుకునేంత కాదు. ఆ పద్ధతికి ఉండే లాభాలు దానికున్నాయి, ఈ షాపు మెషీన్లకి సరిపడలేదు, అంతే.

ఏం ప్రయత్నించేం, ఏది నిలబడలేదు

మొదట అన్నిటికంటే తక్కువ మార్పు ఉన్న దారి చూసేను, రెండో ఉబుంటు మెషీన్ని ఉన్నచోటే 22.04కి అప్‌గ్రేడ్ చెయ్యడం. నడిచింది, ఏదీ పోలేదు. కానీ ఉబుంటుతో వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్ బరువు అలాగే ఉంది, ఇప్పటిదాకా మామూలు ప్యాకేజీగా ఉన్న ఫైర్‌ఫాక్స్ కూడా 22.04లో స్నాప్ అయ్యింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ ప్రింటరు. మన జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా కనపడే ఆ చిన్న లేజరు ప్రింటరుకి పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రింటరు భాషలేవీ అర్థం కావు, పేజీని బొమ్మగా మార్చే పనంతా కంప్యూటరే చెయ్యాలి, దాని లినక్స్ డ్రైవరు ఎప్పటిదో, 32 బిట్ లైబ్రరీలు కావాలి. మేనల్లుడు 20.04లో ఎలాగో కూర్చోబెట్టేడు, అప్‌గ్రేడ్ తర్వాత పలకలేదు. దాన్ని పలికించొచ్చు, నేను అలాంటివి చేసేను కూడా, కానీ వచ్చే అప్‌గ్రేడ్‌కి మళ్ళీ ఇదే పని. ప్రతి రెండేళ్ళకీ పగిలే చోట అతుకు వెయ్యకూడదని అక్కడే ఆపేసేను.

రోలింగ్ డిస్ట్రోని ఎందుకు వదిలేసేనంటే అది చెడ్డదని కాదు. దాన్ని తరచుగా అప్‌డేట్ చేస్తూ, ఏం మారిందో చదువుతూ ఉండాలి. ఈ షాపులో నెట్ ఫోను హాట్‌స్పాట్ మీద నడుస్తుంది, సీజన్లో నెలల తరబడి అప్‌డేట్ ఊసే ఉండదు, తర్వాత ఒక్కసారిగా మూటంతా వచ్చి పడుతుంది. మేనల్లుడు పక్కనున్నన్నాళ్ళూ బాగానే నడిచింది, అతను లేని షాపుకి అది పనికి రాదు.

తర్వాత డెబియన్ 12, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో. నాకు డెబియన్ అంటే చాలా గౌరవం, నా సొంత మెషీన్లో అదే. 2023 జూన్‌లో వచ్చిన ఆ రిలీజు నుంచి వైఫై లాంటివి పనిచెయ్యడానికి కావలసిన ఫర్మ్‌వేరు ఇన్‌స్టాలరులోనే వస్తోంది, పాత తలనొప్పి పోయింది. తేలికగా ఉంది, ఆ పాత మెషీన్లో హాయిగా నడిచింది. దాన్ని ఆగిపోయిన మెషీన్లో పెట్టి అమ్మాయి చేతికిచ్చేను. లిబ్రెఆఫీస్ తెరిచింది, తెలుగు రాలేదు. అంతకు ముందు గ్నోమ్‌లో ఐబస్ (మన భాషలు కొట్టడానికి సాయపడే ప్రోగ్రాము) తనంతట తను లేచేది, ఇక్కడ దాన్ని విడిగా అమర్చి లాగౌట్ అయి రావాలి. అమర్చేను, వచ్చింది. మర్నాడు ఐబస్ ఎందుకో పడుకుంది, మళ్ళీ అక్షరాలు లేవు, కస్టమరు నిలబడి ఉన్నాడు, నేను వేరే ఊళ్ళో ఉన్నాను. ఫోన్లో టెర్మినల్ తెరిపించి కమాండు చెప్పించడం, ఆ అమ్మాయి "అన్నయ్యా, ఏ కీ కొట్టినా ఇంగ్లీషే వస్తోంది" అని కంగారు పడడం. నాకు సులువైనది ఆ షాపుకి సులువు కాదని అక్కడ స్పష్టమైంది.

ఇంకోటి కూడా ఆలోచించేను, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ళ బాస్ లినక్స్. డెబియన్ మీద కట్టినది, భారతీయ భాషల కోసం చేసినది. కానీ మనకి కావలసిన ఫాంట్లూ కీబోర్డు లేఅవుట్లూ ఇప్పుడు అన్ని పెద్ద డిస్ట్రోల్లోనూ దొరుకుతున్నాయి, అటువంటప్పుడు చుట్టుపక్కల రిపేరు చేసే కుర్రాళ్ళకి ఏది తెలుసో అదే పెట్టడం న్యాయం అనిపించింది. వాళ్ళకి తెలిసింది ఉబుంటు కుటుంబం.

కీబోర్డు సంగతి ముందు తేల్చుకున్నాం

ఇక్కడ ఓఎస్ పక్కన పెట్టి వేళ్ళ గురించి ఆలోచించేం. అమ్మాయి కంప్యూటర్ కోర్సులో ఒడియా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక నేర్చుకుంది. మాస్టారిది తెలుగు టైప్‌రైటరు, ఆ అలవాటు మీదే అనూలో కొడతారు. మేనల్లుడు పెట్టినదేమో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి, అది అతనికి తప్ప ఎవరికీ సరిగ్గా రాదు. ముగ్గురివీ మూడు దారులు.

ఇన్‌స్క్రిప్ట్ అనేది ప్రభుత్వ ప్రమాణం, దాని గొప్పతనం ఒకే ధ్వని ఏ భారతీయ లిపిలోనైనా ఒకే కీ మీద ఉండడం. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. అమ్మాయితో వి, ఐ, జె కీలు వరసగా కొట్టమన్నాను, ఒడియా లేఅవుట్‌లో నగర అని వచ్చింది. లేఅవుట్ తెలుగుకి మార్చి అవే మూడు కీలు కొట్టమన్నాను, తెలుగులో నగర అని వచ్చింది. ఆమె మొహం వెలిగిపోయింది, తనకి తెలుగు టైపింగ్ అప్పటికే వచ్చేసిందని అప్పుడే తెలిసింది మరి. సరిహద్దులో ఇంతకంటే ఉపయోగపడే లేఅవుట్ నాకు తెలీదు.

ఒక్క చోట మాత్రం రోజూ తప్పు పడేది. ఒడియా లిపిలో హ్రస్వమైన ఎ, ఒ విడిగా లేవు. అందుకని ఆమె వేళ్ళు ఏత్వం, ఓత్వం కీల దగ్గరికే వెళ్ళేవి, పెద్దన్న కాస్తా పేద్దన్న, కొండ కాస్తా కోండ అయ్యేవి. అర్జీలో మనిషి పేరు తప్పు పడితే చిన్న విషయం కాదు. ఎత్వం జెడ్ కీ మీద, ఒత్వం ఒకటి అంకెకి ఎడమ పక్కనున్న కీ మీద ఉంటాయి. ఆ రెండు కీల మీద ఎర్ర సిరాతో చుక్క పెట్టి, ఊరి పేర్లతో ఇంటి పేర్లతో ఒక కాగితం తయారుచేసి రోజూ కొట్టించేరు మాస్టారు. ఆయన టైపు మాస్టారు కదా, వేళ్ళకి ఎలా నేర్పాలో ఆయనకి తెలిసినంత నాకు తెలీదు. ఆ కాగితం తయారుచేస్తూ చేస్తూ ఆయన కూడా ఇన్‌స్క్రిప్ట్ మొదలుపెట్టేశారు, నేను అడగలేదు.

ఐబస్ గురించి కూడా అప్పుడే నిర్ణయం. ఇన్‌స్క్రిప్ట్ సరిపోతుందంటే ఐబస్సే అక్కర్లేదు, తెలుగు, ఒడియా ఇన్‌స్క్రిప్ట్ రెండూ సిస్టమ్ కీబోర్డు లేఅవుట్లలో ముందే ఉంటాయి, ఏ ప్యాకేజీ వెయ్యక్కర్లేదు, మధ్యలో పడుకునే ప్రోగ్రాము లేదు. ఆల్ట్, షిఫ్ట్ కొట్టి మూడింటినీ చక్రంలా తిప్పడం మాత్రం వద్దనుకున్నాను, ప్యానెల్లో తెలుగుకీ ఒడియాకీ ఒకే జెండా కనపడి ఎక్కడున్నామో తెలీదు. దాని బదులు విండోస్ కీతో ఎఫ్1 కొడితే ఇంగ్లీషు, ఎఫ్2 కొడితే తెలుగు, ఎఫ్3 కొడితే ఒడియా నేరుగా వచ్చేలా, లేఅవుట్ మార్చే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ కమాండుకి షార్ట్‌కట్లు పెట్టేను. ఎందులో ఉన్నా కావలసినది ఒక్క దెబ్బకి వస్తుంది. అమ్మాయి ఇప్పుడు చూడకుండానే మారుస్తోంది.

ఏది నిలబడింది

కీబోర్డు తేలింది కాబట్టి ఇంక ఓఎస్ నుంచి కావలసినవి కొన్నే. తేలికైన డెస్క్‌టాప్, స్నాప్ కాని బ్రౌజరు, ఎక్కువ ఏళ్ళ సపోర్టు, పాడైతే వెనక్కి తిప్పే సౌకర్యం, చుట్టుపక్కల కుర్రాళ్ళకి తెలిసిన పునాది. ఇవన్నీ లినక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఉన్నాయి. ఉబుంటు 24.04 మీద కట్టినది, 2029 దాకా అప్‌డేట్లు, ఫైర్‌ఫాక్స్, క్రోమియం మామూలు ప్యాకేజీలుగా వస్తాయి, సిస్టమ్‌ని వెనక్కి తిప్పే టైమ్‌షిఫ్ట్ ముందే ఉంటుంది.

అయినా నేరుగా ఇన్‌స్టాల్ చెయ్యలేదు. డిస్కు ముట్టుకోకుండా పెన్ డ్రైవు మీంచే లైవ్‌గా బూట్ చేసి, షాపు తెరిచి ఉన్న టైములో, నిజం కస్టమరు పనే దాంట్లో చేయించేను. వాల్‌పేపరు బావుందా మెనూ బావుందా అని అడగలేదు, తెలుగు ఒడియా కలిసిన అర్జీ కొట్టు, ప్రింటు తియ్యి, భూలేఖ్ తెరువు, ఫారంలో ఫోటో ఎక్కించు. ఎక్కడ ఆగేరో అక్కడ రాసుకున్నాను. చిన్న చిన్నవి తప్ప ఆగలేదు, అప్పుడు డేటా కాపీ తీసి మూడు మెషీన్లకీ అదే వేసేం. మూడూ ఒకేలా ఉండాలని నేను పట్టుబట్టేను, ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నా చెయ్యి తడుముకోకూడదు.

ఫాంట్లకి వచ్చేసరికి, మూడింట్లోనూ ఒకే ఫాంటు ఫైళ్ళు పెట్టేను. లిబ్రెఆఫీస్‌లో ఒక టెంప్లేట్ చేసి అందులో రెండు స్టైళ్ళు, తెలుగుకి మందలి ఫాంటు, ఒడియాకి నోటో సాన్స్ ఒరియా, లైను ఎత్తు ఫాంటుకి వదలకుండా పాయింట్లలో ఇంత అని కట్టేసేను. ఆ పేజీ జారిన అర్జీనే మళ్ళీ మూడు మెషీన్లలోనూ తెరిచి ప్రింటు తీసి మూడు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి పట్టుకున్నాం, లైన్లు లైన్ల మీద కూర్చున్నాయి. బయటికి ఇచ్చేది మాత్రం ఎప్పుడూ పీడీఎఫ్‌గానే, ఫాంటు లోపలే ఉండిపోతుంది.

ప్రింటరుకి జవాబు షాపులోనే ఉంది. పెద్ద జిరాక్స్ మెషీను వెనకాల దుమ్ము కింద నెట్‌వర్క్ పోర్టు ఉంది, ఎప్పుడూ వాడలేదు, దానికి పీసీఎల్ వచ్చు. ఒక కేబులు, ఒక చవక స్విచ్చు, అంతే, మూడు మెషీన్ల నుంచీ ప్రింటు నేరుగా దాంట్లోకే. సెకండ్ హ్యాండ్ కాపియర్లన్నిట్లోనూ పీసీఎల్ ఉండకపోవచ్చు, కొనేముందు అడగాలి. ఇప్పుడు లినక్స్ ప్రింటింగ్ కూడా డ్రైవర్లు లేని పద్ధతివైపే వెళ్తోంది, కాబట్టి కంప్యూటరు మీద ఆధారపడే ప్రింటరు మీద డబ్బు పెట్టొద్దని అందరికీ చెప్తున్నాను. ఆ చిన్న ప్రింటరుని విండోస్ 7 మెషీనుకి తగిలించేం.

వేలిముద్ర డివైసుకి లినక్స్‌లో దారి దొరకలేదు. దానికోసం ఒక కంప్యూటర్ని విండోస్‌లో ఉంచడం కంటే ఓటీజీ కేబులుతో ఆండ్రాయిడ్ ఫోనుకి పెట్టడం సులువు, ఆ పనులన్నీ అటు మార్చేం.

పాత పేజ్‌మేకరు ఫైళ్ళ సంగతి అందరూ అడిగేది. లిబ్రెఆఫీస్ డ్రా వాటిని తెరుస్తుంది, ఫాంటు ఉంటే కనపడుతుంది కూడా. కానీ అనూ, అక్రుతి పాత పద్ధతి ఫాంట్లు, లోపల ఉన్నవి నిజానికి ఇంగ్లీషు గుర్తుల జాగాల్లో కూర్చోబెట్టిన తెలుగు, ఒడియా ముక్కలు. ఇప్పటి ప్రమాణమైన యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి, ఒత్తుల దగ్గర, సున్నాల దగ్గర తప్పులు పడతాయి, కూర్చుని దిద్దాలి. వేల ఫైళ్ళు దిద్దడం అనవసరం, కస్టమరు మళ్ళీ అడిగినప్పుడే ఆ ఒక్క కార్డూ కొత్తగా చేసుకోవాలని తేల్చుకున్నాం. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్ మీద పేజ్‌మేకరు నడపడం కూడా ఆలోచించి వద్దనుకున్నాను, ఆ పాత ఫాంట్లతో వచ్చే ఫాంటు మేనేజరు కీబోర్డు దగ్గర సిస్టమ్‌లో లోపలికి దూరి పనిచేస్తుంది, అది మొరాయిస్తే ఈ చుట్టుపక్కల బాగుచేసేవాళ్ళు లేరు. విండోస్ 7 మెషీన్ని నెట్ నుంచి పూర్తిగా తెంపేసి అలాగే ఉంచేం, దాంట్లోంచి బయటికి వచ్చేది పీడీఎఫ్ ఒక్కటే, దాంట్లోకి కస్టమరు పెన్ డ్రైవు పెట్టరు.

బ్యాకప్ దగ్గర ఒక జాగ్రత్త. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్‌ని వెనక్కి తిప్పుతుంది, మామూలుగా మన ఫైళ్ళని దాచదు. చాలామంది అది ఉంది కదా అని ధీమాగా ఉంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఈ జిల్లా ఎంత దెబ్బ తిందో అందరికీ గుర్తే, మాస్టారి షాపులో కూడా అప్పుడు నీళ్ళొచ్చి ఒక హార్డ్ డిస్కు పోయింది. అందుకని ఫైళ్ళకి విడిగా రెండు బయటి డిస్కులు, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో అటక మీద, వారానికోసారి మార్చుకుంటారు. అప్‌డేట్లకి ఒక మెషీన్లో, దిగినవాటిని దాచిపెట్టే ఆప్ట్ క్యాషరు ప్రోగ్రాము పెట్టేను, హాట్‌స్పాట్ డేటా ఒక్కసారే ఖర్చవుతుంది, మిగతా రెండూ దాని దగ్గర్నుంచి తీసుకుంటాయి.

నేర్చుకున్నవి

ఈ కేసు తర్వాత నేను పని మొదలుపెట్టే వరస మారింది. ముందు పనుల లిస్టు, తర్వాత వేళ్ళు, తర్వాత ఫాంటు, ప్రింటరు, ఆఖర్న డిస్ట్రో. ఈ షాపులో అప్పటికే డిస్ట్రో రెండుసార్లు మారింది, రెండుసార్లూ ఆఖరిది ముందు చేసేరు, అందుకే ఎప్పటి ఫిర్యాదు అప్పుడే ఉండిపోయింది.

రెండోది, ఎవరు బాగుచేస్తారన్నది. ఓఎస్ వేసేవాడు ఒక్కరోజు ఉంటాడు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి దాన్ని చూసుకునేది షాపువాళ్ళూ, పక్క టౌన్లో రిపేరు కుర్రాడూను. నాకు ఇష్టమైనది డెబియన్ అయినా ఇక్కడ మింట్ వెయ్యడానికి కారణం అదే, ఈ విషయంలో నాకు ఏమాత్రం అనుమానం లేదు. వేరే షాపులో, దగ్గర్లో డెబియన్ తెలిసిన మనిషుంటే అదే వేస్తాను.

ప్రస్తుతం

పెళ్ళిళ్ళ సీజను మింట్ మీదే గడిచింది. మధ్యలో ఒకసారి అప్‌డేట్ తర్వాత స్క్రీన్ రిజల్యూషన్ పాడైతే అమ్మాయే టైమ్‌షిఫ్ట్ తెరిచి ముందురోజుకి తిప్పేసి, పని అయ్యేక నాకు ఫోను చేసి చెప్పింది. కార్డుల్లో పెద్ద అక్షరాలకి రామభద్ర ఫాంటు వాడుతున్నారు, అనూలో ఉన్నన్ని డిజైను ఫాంట్లు తెలుగు యూనికోడ్‌లో ఇంకా లేవన్న కొరత నిజమే, ఒడియాలో ఇంకా తక్కువ. ఆ కొరత ఉన్నన్నాళ్ళూ కొంతమంది కస్టమర్లు పాత మోడలే కావాలంటారు, అవి విండోస్ 7 మెషీన్లోనే చేస్తున్నారు, నెలనెలా తగ్గుతున్నాయి. మాస్టారు ఎర్ర చుక్కల కీబోర్డు మీద కొట్టించే ఆ ఊరి పేర్ల కాగితాన్ని సాయంత్రాలు నలుగురు పిల్లలకి నేర్పడం మొదలుపెట్టేరు, ఫీజు తీసుకుంటున్నారు, వచ్చే నెల్లో ఇంకో పాత మెషీను కొని దాంట్లో కూడా అదే మింట్ వెయ్యమని నాకు చెప్పేరు.